నీలిగుడ్డ జోరీగల ఉచ్చు: రెండు వానాకాలాలు వాడిన తరువాత

కాలువగట్టు పక్కన పాక ఉన్న పాడిరైతుకు, ఆషాఢం మొదలుకొని కార్తీకం దాటే దాకా జోరీగలు పెట్టే బాధ ఎలాంటిదో విడమరచి చెప్పనక్కరలేదు. గుడివాడ దగ్గర మాకున్న ఎనిమిది గేదెల పాక కోసం నిరుడు వానలకు ముందు ఆన్‌లైన్‌లో 2,400 రూపాయలకు తెప్పించిన నీలిగుడ్డ ఉచ్చు గురించి, రెండు వానాకాలాలు వాడిన మీదట ఈ సమీక్ష రాస్తున్నాను. ఇది కెన్యాలో రూపుదిద్దుకొన్న ‘న్జీ’ నమూనాకు నకలు. స్వాహిలీలో ఆ మాటకు ఈగ అని అర్థం.

మేము దీన్ని కొన్నది గొడ్ల చికాకు తగ్గించడానికి మాత్రమే కాదు, జోరీగలు ఒక గొడ్డు నుంచి మరొకదానికి అంటించే సర్రా అనే రక్తపు పరాన్నజీవి రోగానికి భయపడి. అంతకుముందు ఏడాది మా రెండో ఈత గేదెకు నాలుగు రోజులు జ్వరం రావడం, వారం పాటు తగ్గడం, మళ్లీ రావడం మొదలైంది. పూటకు నాలుగు లీటర్లు ఇచ్చేది లీటరున్నరకు దిగింది, కంటి మీద తెల్లటి పొర కమ్మింది. మొదటిసారి తీసిన రక్తంలో ఏమీ కనబడలేదు. ఈ పరాన్నజీవి రక్తంలో ఒకసారి పెరిగి మరొకసారి తగ్గిపోతుంది కనుక జ్వరం కాస్తున్న పూటే రక్తం తీయాలని డాక్టరు గారు చెప్పి, మరుసటి జ్వరానికి కబురు పెట్టగానే వచ్చి చెవి నుంచి చుక్క తీసుకున్నారు. పశువుల ఆసుపత్రి సూక్ష్మదర్శినిలో నన్ను కూడా చూడమన్నారు: రక్తకణాల గుంపులను అటూ ఇటూ నెట్టుకుంటూ సన్నటి దారపు పోగుల్లాంటివి మెలికలు తిరుగుతున్నాయి. క్వినాపైరమిన్ ఇంజెక్షను తరువాత గేదె కోలుకుంది, కానీ ఆ ఈతలో పాలు మళ్లీ పాత లెక్కకు రాలేదు.

ఈ జీవి పేరు ట్రిపనోసోమా ఇవాన్సై. 1880లో, ఇప్పటి పాకిస్తాన్‌లోని డేరా ఇస్మాయిల్ ఖాన్‌లో గుర్రాల, ఒంటెల రక్తంలో దీన్ని గుర్తించిన బ్రిటిష్ పశువైద్యుడు గ్రిఫిత్ ఇవాన్స్ పేరే దానికి పెట్టారు. ఆఫ్రికాలో మనుషులకు అతినిద్ర వ్యాధి తెచ్చే దీని దాయాది జీవులు సెట్సీ ఈగ కడుపులో కొన్నాళ్లు పెరిగిన తరువాతే మరొకరికి అంటుతాయి. మన జోరీగలో అలాంటి పెంపకమేమీ ఉండదు. జోరీగ కాటు మంటకు గేదె తోక విసిరితే, సగం తాగిన రక్తం మూతి మీద ఉండగానే అది లేచి పక్క గేదె మీద వాలుతుంది. ఆ రెండు మూడు నిమిషాల తడే రోగాన్ని మోస్తుంది. అందువల్ల పక్కపక్కన కట్టిన గొడ్ల మధ్య ఎగిరే ఈగల సంఖ్య తగ్గించగలిగితే, అన్నింటినీ చంపకపోయినా ప్రయోజనం ఉంటుంది. (మనుషులకు వస్తుందా అని మా ఇంట్లోవాళ్లు అడిగారు. 2004లో మహారాష్ట్ర చంద్రపూర్ జిల్లా రైతు ఒకరికి వచ్చింది. ఈ జీవిని చంపే ప్రోటీను సాధారణంగా మన రక్తంలో ఉంటుంది, ఆయన రక్తంలో అది లేదు.)

ఇక ఉచ్చు పనితనం. దూరం నుంచి నీలిరంగు చూసి వచ్చిన ఈగ లోపలి నల్లగుడ్డ వైపు దూరుతుంది, వెనుక ఉన్న తెల్లని దోమతెర వెలుగును చూసి పైకి ఎగబాకుతుంది, కొసన ఉన్న సీసాలో పడుతుంది. మందు లేదు, కరెంటు లేదు. మొదట నేను దీన్ని పాక చూరు కింద కట్టి వారం రోజులు వృథా చేశాను. సీసాలో పట్టుమని పది ఈగలు కూడా పడలేదు. తరువాత కాలువ వైపు, ఎండ బాగా తగిలే చోట, చుట్టూ గడ్డి కోయించి నేలకు దగ్గరగా నిలబెట్టిన రోజు సాయంత్రానికి సీసా అడుగు కనబడలేదు. మెరిసే ఆకుపచ్చ కళ్లతో, బొటనవేలి గోరంత జోరీగలు ఒకదానిపై ఒకటి పడి గీపెడుతున్నాయి. పాలు పితికేటప్పుడు గేదెలు కాళ్లు ఝాడించడం ఆ నెలలోనే తగ్గింది. ఎక్కడ నిలబెట్టాలో చెప్పే ఒక్క వాక్యమైనా పెట్టెలోని కాగితంలో లేకపోవడం పెద్ద లోపం. దానికి బదులు ‘ఇక మందులతో పని లేదు’ అని పెద్ద అక్షరాల్లో అచ్చు వేశారు. అది రైతును తప్పుదోవ పట్టించే మాట. ఒంట్లో సర్రా ఉన్న గేదెకు సూది వేయించక తప్పదు, నయమయ్యే దాకా దాన్ని మంద నుంచి దూరంగా కట్టక తప్పదు.

ఇంతకుముందు మేము డెల్టామెత్రిన్ అనే పురుగుమందు నీటిలో కలిపి గేదెల ఒంటి మీద పిచికారీ చేసేవాళ్లం. అది పని చేయదని అనను. కానీ మధ్యాహ్నం చెరువులో పడుకొని వచ్చిన గేదె మీద ఆ మందు ఎంత మిగులుతుంది? పైగా అది చేపలకు విషం. జోరీగ పిల్లపురుగులు కాలువ ఒడ్డు బురదలో పెరుగుతాయి కనుక వాటిని మొదట్లోనే తుంచే మార్గం మనకు లేదు, అక్కడే ఈ ఉచ్చు విలువ తెలుస్తుంది. ఇంటి ఈగలా కనబడుతూ కాళ్ల మీద వాలి రక్తం పీల్చే చిన్న ఈగల విషయంలో మాత్రం, పేడ, మూత్రంతో నానిన గడ్డిని మూడు రోజులకొకసారి ఎత్తి ఎండబెట్టడమే ఉచ్చు కంటే ఎక్కువ ఫలితం ఇచ్చింది.

రెండో వానాకాలానికి నీలిరంగు వెలిసి పాలిపోయింది, దానితో పాటు పడే ఈగలూ సగానికి సగం తగ్గాయి. ఇనుప చువ్వలు తుప్పు పట్టాయి. సీసా మూతి ఇరుకు కావడంతో కుళ్లిన ఈగలను పుల్లతో గోకి తీయాల్సి వచ్చింది. గుడ్డ మాత్రం విడిగా పంపమని అడిగితే, విడిగా అమ్మడం లేదని, మొత్తం సెట్టు కొనుక్కోవలసిందేనని అమ్మకందారు సమాధానమిచ్చారు. మా ఊరి దర్జీ చేత అదే కొలతలకు పాలిస్టరు నీలిగుడ్డతో కుట్టించాను గానీ, మన కంటికి ఒకటిగానే కనబడే ఆ నీలం ఈగ కంటికి వేరు కాబోలు, పాత గుడ్డ కొత్తలో పట్టినన్ని పట్టలేదు. ఇప్పుడు ముదురు నీలం నూలుగుడ్డ నాలుగు మీటర్లు తెచ్చి ఆయనకే ఇచ్చాను. కుట్టుకూలి 300 రూపాయలు అడిగారు.