చీమా, కప్పా: వైజాగ్‌లో వానకు ఎవరి మాట వినాలి?

చీమలు గుడ్లు మోసుకుంటూ గోడెక్కితే వానే అంటారు. కంటికి ఆనేంత తెల్లటి ఆ మూటలు చాలావరకు గుడ్లు కావు, గుడ్డు దాటి ఇంకా చీమ కాని పిల్లలు, అంటే లార్వాలు, ప్యూపాలే. పుట్టకు తడి తగిలితే పిల్లల్ని పొడిచోటికి మారుస్తాయి. చిక్కేమిటంటే, ఆ తడి మబ్బుదో, కారుతున్న సింకు గొట్టానిదో చీమ చెప్పదు. ముందు సింకు కింద తడిమి చూడండి. అక్కడ పొడిగా ఉండి, బయట కూడా రెండు మూడు బారులు పైకే పోతుంటే డాబా మీద బట్టలు తీసేయండి.

కప్పలో అరిచేది మగదే, అదీ పెళ్లిచూపులకు. ఎక్కువగా జల్లు పడ్డాకే గొంతు విప్పుతుంది. అది జోస్యం కాదు, ప్రత్యక్ష వ్యాఖ్యానం.

మా ఓటు చీమకే. తుపానుకైతే ఇద్దరూ దండగ. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్‌ తీరం దాటిన ఊరిది. ఇక్కడ పోర్టు ప్రమాద సూచిక నంబరే చూడాలి.