మా పాప కరాటే క్లాసు: దండాలు తక్కువ, ఫైటింగ్ ఎక్కువ

మల్కాజిగిరి వైపు కరాటే క్లాసులకి కొదవ లేదు. ఏ స్కూలు గోడ చూసినా గాల్లోకి కాలెత్తిన పిల్లాడి ఫ్లెక్సీ, కింద డిసిప్లిన్, కాన్ఫిడెన్స్, సెల్ఫ్ డిఫెన్స్ అని మూడు ముక్కలు. నేను చెప్పబోయే క్లాసుకి ఫ్లెక్సీ కూడా లేదు. రేకుల షెడ్డులో సాయంత్రం పూట నడుస్తుంది, ఎండాకాలం పిల్లలు లోపల ఉడికిపోతారు, బండి పెట్టుకోవడానికి రోజూ యుద్ధమే. అయినా ఐదుకి నాలుగున్నర ఇస్తాను.

ముందు చేర్పించిన చోట మర్యాదకి లోటు లేదు. మాస్టర్‌కి వంగి దండం, గోడ మీద పూలదండ వేసిన పాతకాలం కరాటే గురువు ఫునాకోషి ఫోటోకి ఇంకో దండం, మాటకి ముందు "ఓస్" (కరాటే వాళ్లు మర్యాదగా అనే మాట), తర్వాత "ఓస్". మూడు నెలలకోసారి బెల్ట్ టెస్ట్, దానికి వేరే ఫీజు, సర్టిఫికెట్, గ్రూప్ ఫోటో. కుమితే, అంటే ఎదురెదురుగా నిలబడి ఫైట్ చేయడం, మాత్రం ఎప్పుడూ చూడలేదు. అడిగితే "కరాటే అంటే కొట్టుకోవడం కాదమ్మా" అనేవారు. 1922లో ఒకినావా నుంచి టోక్యో వెళ్లి కరాటేని పరిచయం చేసిన ఆ ఫునాకోషికే పోటీ ఫైటింగ్ పెద్దగా నచ్చేది కాదు, కాబట్టి వాళ్ల మాటని పూర్తిగా కొట్టిపారేయలేను. మరి ఫ్లెక్సీ మీద సెల్ఫ్ డిఫెన్స్ అని ఎందుకు రాయడం? బ్లాక్‌కి ముందొచ్చే బ్రౌన్ బెల్ట్ కట్టుకున్న పిల్లాడు ఎదుటివాడు చెయ్యెత్తగానే కళ్లు మూసుకుంటున్నాడు.

ఇక్కడ దండం రెండుసార్లే, మొదట్లో ఒకటి, చివర్లో ఒకటి. కాసేపు పంచ్‌లు, కిక్కులు, కొంచెం కటా (ఎదుట ఎవరూ లేకుండా వరసగా చేసే కదలికలు), మిగతా టైమంతా గ్లౌజులూ మౌత్ గార్డూ పెట్టుకుని కుమితే. మర్యాద సంగతి నాకు అర్థమైంది అక్కడే. పెద్ద బెల్ట్ వాళ్లు కొత్త పిల్లలతో ఆడితే ముందు దెబ్బ వాళ్లని వేయనివ్వాలి, తాము తాకి వదిలేయాలి. ఒకసారి ఇంటర్ చదివే అబ్బాయి చిన్నవాడి చెంప మీద గట్టిగా ఇచ్చాడు. మాస్టర్ అరవలేదు. తనే గ్లౌజులు వేసుకుని ఆ అబ్బాయి ముందు నిలబడి, పంచ్ మీద పంచ్ వాడి ముక్కు దాకా తెచ్చి వెంట్రుకవాసిలో ఆపుతూ పోయారు, వాడు ఒక్కటీ అడ్డుకోలేకపోయాడు. ఆఖర్న "స్పీడుంది రా నీకు, బ్రేకే లేదు" అని, పోయి ఆ చిన్నోడితో మళ్లీ ఆడమన్నారు. ఈసారి ఎంత జాగ్రత్తగా ఆడాడో!

పిల్లలకి టోక్యో ఒలింపిక్స్ వీడియో కూడా చూపించారు. 2021 ఆగస్టు, 75 కిలోల పైబడిన వాళ్ల ఫైనల్. సౌదీ ఆటగాడు తారెగ్ హమేదీ 4-1తో ముందున్నాడు, తలకి ఒక కిక్ ఇచ్చాడు, ఇరాన్ ఆటగాడు సజాద్ గంజ్‌జాదే అక్కడికక్కడే పడిపోయాడు. స్ట్రెచర్ మీద తీసుకెళ్లిన వాడికి గోల్డు, కొట్టినవాడు డిస్‌క్వాలిఫై. "అంత బాగా తన్నితే ఓడిపోవడమేంటి మమ్మీ" అని మా పాప ఇంటికొచ్చాక కూడా గొడవ. నాకూ సగం అలాగే అనిపించింది, కానీ ఆ రూల్సులో తలకి తగిలేది తాకీ తాకనట్టు ఉండాలి, అదుపు కూడా స్కిల్ లెక్కలోకే వస్తుంది. నిఖత్ జరీన్‌ని చూసి బాక్సింగ్‌కి పంపుతున్నవాళ్లకి ఇది వింతగా ఉంటుంది, అక్కడ లెక్క వేరు.

అర మార్కు ఎందుకు తగ్గించానంటే, ఆడపిల్లలు బట్టలు మార్చుకోవడానికి సరైన చోటు లేదు, ఫీజు కూడా చుట్టుపక్కల క్లాసుల కంటే ఎక్కువ. బెల్ట్ త్వరగా రాదు, చుట్టాలు "ఇంకా ఎల్లో బెల్టేనా" అంటారు, దానికి రెడీగా ఉండండి. ట్రయల్ క్లాసు ఫ్రీ, కాకపోతే గోళ్లు కత్తిరించుకోకుండా వస్తే మ్యాట్ ఎక్కనివ్వరు.