పోస్ట్‌గ్రెస్ ఎక్స్‌ప్లెయిన్ అనలైజ్: ఇండెక్స్ పెట్టే ముందు ఇది నడపండి

క్వెరీ (డేటాబేస్‌ను అడిగే ప్రశ్న) స్లో అనగానే ఇండెక్స్ (డేటాను త్వరగా వెతికిపెట్టే సూచిక) పెట్టేయడం మా టీమ్‌లో అలవాటు. అంతకన్నా ముందు ‘ఎక్స్‌ప్లెయిన్ అనలైజ్’ నడపమంటాను నేను. క్వెరీని నిజంగా నడిపి, ఏ దశకు ఎంత టైమ్ పట్టిందో చూపించే కమాండ్ ఇది. ఉచితం, పోస్ట్‌గ్రెస్ డేటాబేస్‌తోనే వస్తుంది.

నాకు బాగా నచ్చింది, ప్లానర్ (క్వెరీని ఎలా నడపాలో నిర్ణయించే భాగం) అంచనానూ నిజంగా వచ్చిన వరసల సంఖ్యనూ పక్కపక్కనే చూపించడం. మా ఆర్డర్ల క్వెరీలో నగరం విజయవాడ, రాష్ట్రం ఆంధ్రప్రదేశ్ అని రెండు షరతులున్నాయి. విజయవాడ అంటే ఆంధ్రాయేనని ప్లానర్‌కు తెలీదు పాపం. రెండూ సంబంధం లేని కాలమ్స్ అనుకుని, ఒక్కో షరతుకు సరిపోయే వరసల నిష్పత్తులను గుణించి, చాలా తక్కువ వరసలొస్తాయని లెక్కేసి నెస్టెడ్ లూప్ (ఒక టేబుల్‌లోని ఒక్కో వరసకూ రెండో టేబుల్‌లో వెతికే పద్ధతి, తక్కువ వరసలకే బాగుంటుంది) ఎంచుకుంది. వచ్చినవేమో వేలల్లో! వెర్షన్ 10 నుంచి ఉన్న ‘క్రియేట్ స్టాటిస్టిక్స్’తో ఆ రెంటికీ సంబంధముందని చెప్పి, టేబుల్ మీద ‘అనలైజ్’ నడిపితే ఎక్కువ వరసలకు సరిపడే హాష్ జాయిన్‌కు మారింది. కొత్త ఇండెక్స్ అవసరమే రాలేదు.

చదవడం మాత్రం తేలిక కాదు. బాగా లోపలికి జరిగి ఉన్న లైన్ల నుంచి పైకి రావాలి. టైమ్, వరసలు ఒక్కో లూప్‌కు సగటు. లూప్స్‌తో (ఆ దశ ఎన్నిసార్లు నడిచిందో ఆ సంఖ్యతో) గుణించకపోతే అసలు దొంగ దొరకడు. కాస్ట్ అంటే మిల్లీసెకన్లు కాదు, ఒక పేజీని (డిస్క్‌లోని డేటా ముక్కను) సీక్వెన్షియల్‌గా, అంటే వరసగా, చదివే ఖర్చును 1 అనుకుని వేసే లెక్క. ఇంకో మాట, డిలీట్ ముందు ఇది పెడితే నిజంగానే డిలీట్ అవుతుంది! మార్పు రద్దయ్యేలా బిగిన్, రోల్‌బ్యాక్ కమాండ్ల మధ్య నడపండి. బఫర్స్ వివరాలు (క్వెరీ ఎన్ని పేజీలను వాడిందో) వెర్షన్ 18 నుంచి అడక్కుండానే వస్తాయి, పాతవాటిలో మనమే రాయాలి.

5కి 4 స్టార్లు. ఒకటి కోసింది ఆ అవుట్‌పుట్ కనిపించే తీరుకే.