ఏది ముందు చూడాలి: ‘ద ప్యారడైజ్’ బట్టల కొట్టా, సెల్ఫ్రిడ్జ్ గారి అంగడా?

పాతకాలపు డిపార్ట్‌మెంట్ స్టోర్ల మీద ఇంగ్లండ్‌లో రెండు సీరియళ్లు ఇంచుమించు ఒకేసారి వచ్చాయి. బీబీసీ వాళ్ల ‘ద ప్యారడైజ్’ 2012 సెప్టెంబరులో మొదలైంది. నాలుగు నెలలు తిరగకుండానే, 2013 జనవరిలో, ఐటీవీ వాళ్లు ‘మిస్టర్ సెల్ఫ్రిడ్జ్’ తెచ్చారు. ఒకే బజారులో ఎదురెదురుగా రెండు బట్టల కొట్లు తెరిచినట్టే ఉంది. మొదటిది 2 సీజన్లు, 16 భాగాలతో షట్టరు దించేసింది. రెండోది 4 సీజన్లు, 40 భాగాలు నడిచింది. గల్లాపెట్టె లెక్క చూస్తే గెలిచింది సెల్ఫ్రిడ్జే. నా ఓటు మాత్రం ఓడిపోయిన కొట్టుకే, ఒక చిన్న మెలికతో. ఆ మెలిక సంగతి తర్వాత చెబుతాను.

ముందు ‘మిస్టర్ సెల్ఫ్రిడ్జ్’ మొదటి భాగంలోని ఒక సన్నివేశం చెప్పాలి. అమెరికా నుంచి వచ్చిన హ్యారీ సెల్ఫ్రిడ్జ్ లండన్‌లో గామేజెస్ అనే దుకాణంలోకి వెళతాడు. గ్లవ్స్ కౌంటరు వెనక ఆగ్నెస్ టౌలర్ అనే అమ్మాయి నిలబడి ఉంటుంది. సరుకంతా ఆమె వెనక సొరుగుల్లో ఉంది. కొనడానికి వచ్చినవాళ్లు తమకు కావలసినదేమిటో చెబితే, ఆమె అది ఒక్కటీ తీసి చూపాలి. అది అక్కడి ఆచారం. ఈయన మాత్రం ఉన్నవన్నీ చూపించమంటాడు. ఆమె ఒక్క క్షణం తటపటాయించి, సొరుగు తర్వాత సొరుగు లాగి బల్ల మీద పరుస్తుంది. గ్లవ్స్ గుట్టలుగా పడుతుంటే ఆ అమ్మాయి ముఖంలో మొదటిసారి వెలుగు కనిపిస్తుంది. తను రోజూ అమ్మే సరుకును తానూ ఇలా ఒక్కసారిగా చూడలేదన్నమాట. ఇంతలో పర్యవేక్షకుడు వచ్చి ఆయనను బయటికి సాగనంపుతాడు. ఆగ్నెస్ ఉద్యోగం ఊడుతుంది.

మా అమ్మ నా పక్కన కూర్చుని ఇది చూసి, “చూపించమంటే తప్పేముందే? చూడకుండా ఎవరు కొంటారు?” అంది.

నిజమే, తెలుగువారికి ఈ సన్నివేశం వెంటనే అందదు. మన బట్టల కొట్లో తెల్ల దుప్పటి పరిచిన పరుపు మీద చతికిలబడితే చాలు, గుమాస్తా అడగకుండానే చీరలు విప్పి అంచులు, కొంగులు చూపిస్తాడు. మనం చాలంటున్నా ఆగడు. మన దగ్గర సరుకును ఎప్పుడూ దాచలేదు, దాచింది ధరను. దాని కోసమే ‘బేరములు లేవు’ అని గోడకు బోర్డు తగిలించినా, ఆ బోర్డు కిందే కూర్చుని బేరమాడేవాళ్లం. లండన్ దొరసానికి కొత్తగా దొరికింది తాకి చూసే హక్కు. మన అమ్మమ్మలకు అది ఎప్పటినుంచో ఉంది. మనవాళ్లకు కొత్తగా తోచేది ధర చీటీ. అందుకే, సెల్ఫ్రిడ్జ్ కంటే ‘ద ప్యారడైజ్’ మన బజారుకు దగ్గర. అందులో గొడవంతా ధరల మీదే.

కథ ఎమీల్ జోలా 1883లో రాసిన ఫ్రెంచి నవలది. పారిస్‌లోని బోన్ మార్షే దుకాణాన్ని చూసి ఆయన ఆ నవల అల్లాడు. 1852లో ఆ కొట్టులో భాగస్వామిగా చేరిన అరిస్టీడ్ బూసికో అనే వ్యాపారి కొన్ని పద్ధతులను ఊరంతటికీ అలవాటు చేశాడు. ప్రతి వస్తువు మీదా ధర రాసి ఉంటుంది. కొనకపోయినా లోపలికి వచ్చి తిరగవచ్చు. నచ్చకపోతే తిరిగి ఇచ్చేయవచ్చు. ఒక్కో వస్తువు మీద లాభం తక్కువైనా సరుకు చకచకా అమ్ముడుపోవాలి. ఈరోజు మనకు ఇవి గాలీ నీరూ అంత మామూలు. ఆ రోజుల్లో పక్క సందులోని చిన్న కొట్టువాడికి మాత్రం గొంతుకు ఉరితాడు.

బీబీసీ వాళ్లు కథను పారిస్ నుంచి ఇంగ్లండ్ ఈశాన్య ప్రాంతానికి, 1870ల కాలానికి మార్చారు. మొదట ఇదేమి చోద్యం అనుకున్నాను. తర్వాత ఆలోచిస్తే ఆ మార్పులో న్యాయం ఉంది. అదే ప్రాంతంలో న్యూకాజిల్‌లో 1838లో మొదలైన బెయిన్‌బ్రిడ్జ్ దుకాణం, 1849 నాటికే ఏ విభాగంలో ఎంత అమ్మకమో విడివిడిగా లెక్క రాసేది. ప్రపంచంలోని తొలి డిపార్ట్‌మెంట్ స్టోర్లలో దాన్ని ఒకటిగా చెబుతారు. కాబట్టి జోలా కథ అక్కడ పరాయి ఊళ్లో ఉన్నట్టు ఉండదు. చిత్రీకరణకు డర్హమ్ కౌంటీలోని లాంబ్టన్ కోటలో వీధి, కొట్టు అన్నీ కట్టారు. ఆ వీధి మరీ కడిగిన పళ్లెంలా ఉంటుంది, గుర్రం లద్దె కూడా కనిపించదు. అది వేరే సంగతి.

డెనీస్ అనే పల్లెటూరి అమ్మాయి బట్టల కొట్టు నడిపే బాబాయి దగ్గరికి పని కోసం వస్తుంది. ఆయనకే గిరాకీ లేదు, ఆమెకు పని ఎక్కడి నుంచి ఇస్తాడు? వీధికి అటువైపున అద్దాల్లో పట్టు మెరిసే ‘ప్యారడైజ్’ ఉంది. అది బాబాయి పొట్ట కొడుతున్న కొట్టు. డెనీస్ అక్కడే పనికి చేరుతుంది. ఈ ఒక్క ముడితో కథ మొత్తం నిలబడింది. పగలంతా ఎవరి వ్యాపారం పెరగడానికి బుర్ర వాడుతుందో, ఆ వ్యాపారమే తనవాళ్లను ముంచుతుందని ఆమెకు తెలుసు. పైగా ఆమె బుర్ర మామూలు బుర్ర కాదు. యజమాని మొరే కంటే ఆమెకే అమ్మకం కిటుకులు ఎక్కువ తెలుసు. ప్రేమ కంటే ఆ తెలివి మీద ఆయనకు కలిగే మోజు, కాస్తంత అసూయ, వీటినే ఈ సీరియల్ బాగా పట్టుకుంది.

ఇక కౌంటరు వెనక జీవితం. అమ్మే అమ్మాయిలు దుకాణం వాళ్లు చూపిన బసలోనే ఉంటారు, వాళ్లు పెట్టిందే తింటారు, నియమం తప్పితే ఉద్యోగంతో పాటు గూడూ పోతుంది. ఇంగ్లండ్‌లో ఆ కాలపు దుకాణాల్లో ఇది నిజంగా ఉన్న పద్ధతే. ఆడవాళ్ల దుస్తుల విభాగం పెద్ద మిస్ ఆడ్రీగా సారా లాంకాషైర్ నటన చూడాల్సిందే. వీపు నిటారుగా పెట్టి, పెదవులు బిగించి, కొనడానికి వచ్చినవాళ్ల ముందు వెన్నలా మాట్లాడి, వాళ్లు తిరిగిన మరుక్షణం అమ్మాయిల వైపు కత్తిలా చూస్తుంది. కమీషన్ కోసం అమ్మాయిల మధ్య పోటీ, వచ్చిన ధనవంతురాలిని ఎవరు ముందు పలకరించాలన్న తగవు, ఇవన్నీ ఎవరికీ విడమరిచి చెప్పక్కర్లేదు.

లోపం లేదా అంటే ఉంది, చిన్నదేమీ కాదు. నవల చదివినవారికి ఈ సీరియల్ పంచదార ఎక్కువైన కాఫీలా ఉంటుంది. జోలా చేతిలో బాబాయి కుటుంబం నిజంగానే కూలిపోతుంది, ఆయన కూతురు చనిపోతుంది. పెద్ద కొట్టుతో పట్టు ధరల పోటీకి దిగి దివాలా తీసిన ఒకడు బండి చక్రాల కింద పడతాడు. గిరాకీ లేని రోజుల్లో గుమాస్తాలను గుంపులుగా పనిలోంచి తీసేస్తారు. దారి తప్పి తిరుగుతూ ఆడవాళ్లు అనుకోనివి కూడా కొంటారని యజమాని కావాలనే విభాగాలను చిందరవందర చేస్తాడు. ఈరోజు ఏ సూపర్‌మార్కెట్లో పాల ప్యాకెట్టు కోసం చిట్టచివరి వరకు నడిచినా నాకు అది గుర్తొస్తుంది. సీరియల్‌లో ఈ కారం చాలావరకు తీసేశారు. రెండో సీజన్‌కు వచ్చేసరికి మొరే, డెనీస్, మొరే మీద మనసుపడ్డ ధనవంతురాలు కాథరీన్, ఈ ముగ్గురి మధ్య తిరిగిందే తిరుగుతుంది. నేను అందులో సగం వంటగదిలో పని చేసుకుంటూ విన్నాను.

సెల్ఫ్రిడ్జ్ కథ పూర్తిగా వేరు. ఆయన నిజంగా ఉన్న మనిషి. షికాగోలోని మార్షల్ ఫీల్డ్ దుకాణంలో పాతికేళ్లు పనిచేసి, లండన్ ఆక్స్‌ఫర్డ్ వీధిలో 1909 మార్చి 15న సొంత కొట్టు తెరిచాడు. ఆయన అమ్మింది సరుకు కంటే ఎక్కువగా సందడి. ఆ ఏడాది జులైలో లూయీ బ్లేరియో విమానంలో ఇంగ్లిష్ చానల్ దాటితే, ఆ విమానాన్ని తెచ్చి కొట్టులో ప్రదర్శనకు పెట్టాడు. తర్వాత 1925లో జాన్ లోగీ బెయిర్డ్ అక్కడే టెలివిజన్ ప్రయోగం చేసి చూపించాడు. అంటే ఆ కొట్టులో తొలి అడుగులు వేసిన పెట్టెలోనే ఆ కొట్టు కథ చూస్తున్నామన్నమాట. సీరియల్‌లోకి కూడా బ్లేరియో, నాట్యకత్తె అన్నా పావ్లోవా, ధ్రువయాత్రికుడు షాకల్టన్, షెర్లాక్ హోమ్స్ కథల రచయిత కానన్ డాయల్ వరసగా వచ్చిపోతారు. పెళ్లివారింట్లో పెద్దమనుషులు వచ్చి ఫోటో దిగి వెళ్లినట్టు ఉంటుంది. మొదట సరదా, నాలుగోసారికి విసుగు.

నాకు నచ్చింది ఆ హడావిడి కాదు, గుమ్మం దగ్గరే అత్తరు, ముఖానికి పూసుకునే రంగులు పెట్టాలన్న ఆలోచన. గౌరవమైన ఇంటి ఆడవాళ్లు నలుగురిలో అడగడానికి సిగ్గుపడిన వస్తువును కొట్టుకు ముఖద్వారం చేయడమంటే ధైర్యమే. ఈరోజు ఏ ఊరి మాల్‌లో అడుగుపెట్టినా ముక్కుకు మొదట తగిలేది ఆ వాసనే.

కానీ కెమెరా ఎప్పుడూ యజమాని వెంటే తిరుగుతుంది. సెల్ఫ్రిడ్జ్‌గా వేసిన జెరెమీ పివెన్ ప్రతి మాటా సర్కస్ గుడారం ముందు నిలబడి పిలుస్తున్నట్టు పలుకుతాడు. అసలు మనిషి అలాగే ఉండేవాడేమో అని మొదట సర్దుకుపోయాను, రెండో సీజన్‌కు ఓపిక తగ్గింది. మంచి పాత్రలన్నీ ఆయన చుట్టుపక్కల ఉన్నాయి. మిస్ మార్డిల్‌నే తీసుకోండి. విభాగానికి పెద్ద, నెమ్మదస్తురాలు. మిస్టర్ గ్రోవ్‌తో ఏళ్ల తరబడి చాటు ప్రేమ. ఆయన భార్య మంచం పట్టి ఉంటుంది. ఆ భార్య పోయాక ఆయన చేసుకున్నది మిస్ మార్డిల్‌ను కాదు, కొట్టులోనే పనిచేసే చిన్న వయసు పిల్లను. ఆ వార్త తెలిసిన మర్నాడు కూడా ఆమె తన కౌంటరు దగ్గర నిలబడాలి, వచ్చినవాళ్లను చిరునవ్వుతో పలకరించాలి. విమానం కంటే ఈ ముఖమే నాకు ఎక్కువ గుర్తుంది.

సెల్ఫ్రిడ్జ్‌కు ఒక గెలుపు ఇవ్వాలి: అందులో కాలం కదులుతుంది. ‘ప్యారడైజ్’లో గడియారం ఆగినట్టే ఉంటుంది. ఇక్కడ రెండో సీజన్ 1914లో, మూడోది 1919లో, నాలుగోది 1928లో మొదలవుతాయి. మగవాళ్లు యుద్ధానికి పోతే సరుకు దించే చోట ఆడవాళ్లు చొక్కా చేతులు పైకి మడిచి పనిలోకి దిగుతారు. గ్లవ్స్ అమ్మిన ఆగ్నెస్ అలంకరణ విభాగానికి పెద్ద అవుతుంది. యజమాని జూదం, విలాసాలు, అప్పులు అతన్ని మెల్లగా తినేస్తాయి. నిజజీవితంలో కూడా ఆయన తన పేరున్న కొట్టులోంచే గెంటివేయబడ్డాడు. 1947లో లండన్‌లోని పట్నీలో చనిపోయేనాటికి ఆస్తి అంతా హరించుకుపోయింది. పేరు మాత్రం ఆ భవనం మీద ఇప్పటికీ ఉంది.

ఈ రెండింటికీ తోడు స్పెయిన్ వాళ్ల ‘వెల్వెట్’ కూడా చూడాలా అని అడిగేవాళ్లుంటారు. 1958 మాడ్రిడ్, యజమాని కొడుకు, కుట్టుపని చేసే అమ్మాయి. గౌన్లు కళ్లు చెదిరేలా ఉంటాయి. కానీ అది ప్రేమకథ, కొట్టు వెనకాల కట్టిన తెర మాత్రమే. జోలా నవలనే 1956 మిలాన్‌కు తెచ్చిన ఇటలీ సీరియల్ కూడా ఉంది. అది 2018 నుంచి రోజువారీ సీరియల్‌గా మారింది. మన ఇళ్లలో ఉన్న రోజువారీ సీరియళ్లు చాలవా?

మెలిక గురించి చెప్పాను కదా. అమ్మ రెండు సీరియళ్లూ నాతో చూసింది. ఇంగ్లిష్ సగమే అర్థమయ్యేది, మిగతాది నేను చెప్పేదాన్ని. ‘ప్యారడైజ్’ మూడో రోజున హఠాత్తుగా, “వాళ్లకు కూర్చోడానికి పీట కూడా వెయ్యరా?” అని అడిగింది. అప్పటినుంచి నేను కథ వదిలేసి కుర్చీల కోసం వెతకడం మొదలుపెట్టాను. ఇంగ్లండ్‌లో 1899లో దీనికోసం ఏకంగా ఒక చట్టమే వచ్చింది: దుకాణంలో పనిచేసే ముగ్గురు ఆడవాళ్లకు ఒక కుర్చీ చొప్పున ఉండాలని. డెనీస్ కాలానికి ఆ చట్టం లేదు. ఆగ్నెస్ కాలానికి ఉంది. మన పక్కన కేరళలో ఈ హక్కు 2018లో, తమిళనాడులో 2021లో చట్టంలోకి వచ్చింది. పెళ్లి పట్టుచీరల కోసం మన కుటుంబాలు చెన్నై టి.నగర్ వెళ్లి, పరుపుల మీద కూర్చుని, నిలబడిన అమ్మాయిల చేత గంటల తరబడి చీరలు విప్పించడం ఎన్నేళ్లుగా జరుగుతోందో లెక్కలేదు. అందులో నేనూ ఉన్నాను.

అందుకని నా వరస ఇది: ‘ద ప్యారడైజ్’ మొదటి సీజన్ 8 భాగాలు ముందు చూడండి, రెండోది వదిలేసినా నష్టం లేదు. తర్వాత ‘మిస్టర్ సెల్ఫ్రిడ్జ్’ మొదటి రెండు సీజన్లు. ఆ మనిషి పతనం మీద ఆసక్తి ఉంటే మిగతా రెండూ చూడండి, లేకపోతే యుద్ధం దగ్గర ఆపేయండి. మొదట సెల్ఫ్రిడ్జ్ చూస్తే ఆ వెలుగుల తర్వాత ‘ప్యారడైజ్’ వీధి చిన్నదిగా, చీకటిగా కనిపించి పక్కన పడేస్తారు, మా చెల్లెలు అలాగే చేసింది.

అమ్మ మాత్రం రెండింటిలో ఏది బాగుందని అడిగితే ఇంకా తేల్చలేదు. పోయిన నెల చీర కొనడానికి వెళ్లినప్పుడు, చీరలు విప్పుతున్న అమ్మాయిని, “నువ్వు కూర్చునే చూపించమ్మా, నాకేమీ తొందర లేదు” అంది. ఆ అమ్మాయి ఒకసారి వెనక్కి, గల్లాపెట్టె వైపు చూసి, నవ్వి, నిలబడే ఇంకో చీర విప్పింది.