మా కార్యాలయ ఆరోగ్య కార్యక్రమం: పరీక్షలు మేలు, సలహా గది మారాలి

మాదాపూర్‌లోని మా కార్యాలయంలో ఒక సంస్థ నిర్వహిస్తున్న ఉద్యోగుల ఆరోగ్య కార్యక్రమంలో నాకు అన్నిటికంటే ఉపయోగపడినది రక్త పరీక్షల శిబిరం. పరగడుపు పరీక్షతో సరిపెట్టకుండా, సుమారు మూడు నెలల సగటు చక్కెరను తెలిపే హెచ్‌బీఏ1సీ కూడా చేశారు. ఫలితం 5.7 నుంచి 6.4 శాతం మధ్య ఉంటే అది మధుమేహానికి ముందు దశ అనీ, 6.5 లేదా అంతకు మించితే మళ్లీ పరీక్షించి మధుమేహాన్ని నిర్ధారించుకోవాలనీ వైద్యురాలు ఒక్కొక్కరినీ కూర్చోబెట్టి ఓపికగా వివరించారు. నివేదికను ఈమెయిల్‌లో పంపి చేతులు దులుపుకొనే శిబిరాలతో పోలిస్తే ఇది ఎంతో మెరుగు. అన్నం పూర్తిగా మానేయమనకుండా, సగం పళ్లెం కూరగాయలకు కేటాయించి, పప్పు పెంచి అన్నం తగ్గించమన్న ఆహార సలహా కూడా మన ఇళ్లలో ఆచరించదగినదే. యోగా తరగతులు ఫరవాలేదు.

మానసిక ఆరోగ్య సలహా విషయంలో మాత్రం నా అభ్యంతరం తీవ్రమైనది. హెచ్‌ఆర్ విభాగం పక్కనే ఉన్న అద్దాల గదిని అందుకు కేటాయించి, తలుపు దగ్గర పేరు రాయమంటే, తన పైఅధికారి వల్ల కలుగుతున్న ఒత్తిడి గురించి ఏ ఉద్యోగి నోరు విప్పగలడు? ప్రభుత్వ టెలీ మానస్ సేవ 14416 నంబరుపై 24 గంటలూ ఉచితంగా అందుబాటులో ఉంది. కనీసం ఆ నంబరునైనా నోటీసు బోర్డుపై పెట్టాలి. గది మార్చేంతవరకు ఈ ఒక్క సేవను నేనెవరికీ సిఫారసు చేయను.