48 గంటల డీవీడీ: వాడాక తేలిన లెక్క

2003లో డిస్నీ వీడియో విభాగం అమెరికాలో కొన్ని ఊళ్లలో ఈజీ-డీ పేరుతో అమ్మి చూసిన డిస్కు, 2008లో స్టేపుల్స్ దుకాణాల్లో ఫ్లెక్స్‌ప్లే పేరుతో 4.99 డాలర్లకు దొరికిన డిస్కు, రెండూ ఒకే సరుకు. కవరు చింపినప్పటి నుంచి 48 గంటలు ఆడేది, ఆ తర్వాత పనికొచ్చేది కాదు. షాపుకి తిరిగెళ్లే పని లేదు, లేటు ఫీజు లేదు, మెంబర్‌షిప్ కార్డు అడిగేవాళ్లు లేరు అన్నది దాని మాట. ఈ మాటైతే పక్కాగా నిలబెట్టుకుంది. కాపీలను ఆపేదని ఎవరైనా చెబితే మాత్రం నమ్మకండి.

ముందు అది పనిచేసే తీరు చూద్దాం. ఏ డీవీడీ అయినా 0.6 మిల్లీమీటర్ల పాలీకార్బొనేట్ పలకలు రెండిటిని జిగురుతో అతికించిందే. ఈ డిస్కులో ఆ జిగురులోనే రంగు మారే రసాయనం ఒకటి కలిపేవారు. గాలి తగలనంతసేపు అది ఎర్ర కాంతికి అడ్డుపడదు. ప్లేయరులోని లేజరు కూడా 650 నానోమీటర్ల ఎరుపే కాబట్టి, జిగురు దాటి డేటా పొరను తాకి అదే దారిన వెనక్కి వస్తుంది. కవరు తెరవగానే ఆక్సిజన్ ప్లాస్టిక్‌లోంచి మెల్లగా లోపలికి ఇంకడం మొదలవుతుంది. పాలీకార్బొనేట్ చేతికి రాయిలా గట్టిగా తగిలినా ఆక్సిజన్‌ను పూర్తిగా ఆపలేదు. రసాయనం ఆక్సీకరణ చెందేకొద్దీ డిస్కు ఎరుపు నుంచి ముదురు రంగుకి, చివరికి నలుపుకి తిరుగుతుంది. పోతూ ఒకసారి, వస్తూ ఒకసారి లేజరు ఆ జిగురును దాటాలి గనక కొంచెం ముదిరినా సిగ్నల్ బాగా పడిపోతుంది.

అందుకే 48 గంటలు అన్నది గడియారం లెక్క కాదు, రసాయన చర్య లెక్క. వేడి పెరిగితే చర్య వేగం పెరుగుతుంది. ఎండలో ఆపిన కారులో వదిలేస్తే గడువు తగ్గుతుంది, ఫ్రిజ్‌లో పెడితే కొంత సాగుతుంది. ఫ్రిజ్‌లోంచి తీసి నేరుగా ప్లేయరులో పెట్టకూడదు. చల్లటి డిస్కు మీద చెమ్మ పట్టి లేజరు చదవలేదు, గది వేడికి వచ్చేదాకా ఆగాలి. జిప్ కవరులో వేసి గాలి నొక్కేస్తే ఆగిపోతుందనుకునే వాళ్లున్నారు. దానివల్ల ఒరిగేది పెద్దగా ఏమీ లేదు. కవరులో మిగిలే గాలి సంగతి అటుంచి, అప్పటికే ప్లాస్టిక్‌లోకి చేరిన ఆక్సిజన్ తన పని తాను చేసుకుపోతుంది.

గడువు తీరడం స్విచ్ కట్టేసినట్టు జరగదు. ప్లేయరులోని తప్పులు దిద్దే వ్యవస్థ కొంతసేపు లోపాలను కప్పిపుచ్చుతుంది. అది చేతులెత్తేశాక బొమ్మ గడులు గడులుగా విరుగుతుంది, మాట తెగుతుంది, ఆఖరికి డిస్కే లేదంటుంది. సింగిల్ లేయర్ డీవీడీలో సినిమా లోపలి నుంచి అంచు వైపు సాగుతుంది, అంచు దగ్గర సిగ్నల్ ఎటూ బలహీనం. కాబట్టి క్లైమాక్స్‌కే ముందు దెబ్బ తగిలే అవకాశం ఎక్కువ. లెన్సు మీద దుమ్ము పట్టిన పాత ప్లేయరు ముందే మొరాయిస్తే, అదే డిస్కును కంప్యూటర్ డ్రైవు ఇంకాసేపు లాగొచ్చు. సినిమా ఈరోజు సగం, ఎల్లుండి సగం చూసే అలవాటు ఉన్నవాళ్లకు ఇది పడేది కాదు. కూర్చుని పూర్తిగా చూసే రోజునే కవరు చింపి, తెరిచిన టైము మార్కరుతో లేబుల్ మీద రాసుకోవాల్సి వచ్చేది.

ఇక కాపీ సంగతి. ఈ రసాయనం కాలానికి వేసిన తాళమే తప్ప కాపీకి వేసిన తాళం కాదు. లోపలున్నది మామూలు డీవీడీల్లో ఉండే సీఎస్ఎస్ అనే 40 బిట్ల తాళమే. దాన్ని డీసీఎస్ఎస్ ప్రోగ్రాం 1999లోనే విప్పేసింది. డిస్కులోని డేటా మొత్తం హార్డ్ డిస్కుకు ఎక్కడానికి గంట కూడా పట్టనప్పుడు 48 గంటలు ఎక్కువే. అమెరికాలో 1998 నాటి డీఎంసీఏ అనే కాపీరైట్ చట్టం ప్రకారం ఆ తాళం విప్పడమే చట్టవిరుద్ధం, అది వేరే విషయం. చేసేవాడు ఎలాగూ చేస్తాడు. డబ్బు పెట్టి కొని శనివారం తెరిచి సోమవారం రాత్రి చూద్దామనుకున్నవాడికే నల్ల డిస్కు మిగులుతుంది.

డీవీడీ నుంచి వీసీఆర్ టేపుకు కాపీ కాకుండా పెట్టిన మాక్రోవిజన్ అనే అడ్డుకట్ట తీరూ అంతే, తప్పు చేయనివాడికే తిప్పలు. డీవీడీ ప్లేయరు వైరు వీసీఆర్ గుండా టీవీకి ఇస్తే బొమ్మ వెలుగుతూ ఆరుతూ ఉంటుంది. బొమ్మకీ బొమ్మకీ మధ్య కనిపించని గీతల్లో వేసిన పల్సులు వీసీఆర్‌లో సిగ్నల్ బలాన్ని దానంతటదే సర్దే ఆటోమేటిక్ గెయిన్ కంట్రోల్‌ను తికమక పెట్టడమే కారణం. రికార్డింగ్ చేయకపోయినా శిక్ష పడుతుంది. వీసీఆర్‌ను తప్పించి ఏవీ పిన్నులు నేరుగా టీవీకి ఇవ్వాలి. యాంటెన్నా పిన్ను తప్ప ఇంకేమీ లేని పాత టీవీ అయితే ఏవీ సిగ్నల్‌ను యాంటెన్నా సిగ్నల్‌గా మార్చే ఆర్ఎఫ్ మాడ్యులేటర్ కొని 3 లేదా 4 చానెల్లో పెట్టుకోవాలి.

ఫ్లెక్స్‌ప్లేకి ముందు 1998లో సర్క్యూట్ సిటీ అనే అమెరికా ఎలక్ట్రానిక్స్ దుకాణాల సంస్థ తెచ్చిన డివెక్స్ అనే గడువు డిస్కుకు గాలితో పని లేదు, టెలిఫోను లైనుతో పని. డిస్కు 4.49 డాలర్లు, మొదటిసారి నొక్కిన క్షణం నుంచి 48 గంటలు. లెక్క పంపడానికి ప్లేయరే మధ్యమధ్య కంపెనీకి ఫోన్ చేసుకునేది. 1999 జూన్‌లో అమ్మకాలు ఆపేశారు, 2001లో ఆ ఫోన్లు అందుకునే సర్వరూ మూసేశారు. గడువు తీరిన డిస్కును మళ్లీ డబ్బు కట్టి చూద్దామన్నా దారి లేకుండా పోయింది. ఆ లెక్కన ఫ్లెక్స్‌ప్లే చాలా నయం. ఏ ప్లేయరైనా సరిపోయేది, ఎవరికీ జవాబు చెప్పక్కర్లేకపోయేది, ఆడించడానికి కంపెనీతో పని ఉండేది కాదు. నెలకింత అని కట్టించుకుని లేటు ఫీజు లేకుండా డీవీడీలు పోస్టులో పంపే నెట్‌ఫ్లిక్స్ అప్పటికే ఉండటంతో ఇంట్లో చూసేవాళ్లకు దీని అవసరం పడలేదు. ఊరు దాటే ప్రయాణంలో ల్యాప్‌టాప్‌లో చూడటానికి మాత్రం భేషుగ్గా ఉండేది.

ఇండియాకు తెచ్చుకోవాలనుకున్నవాళ్లకు ఇంకో చిక్కు ఉండేది, ఏ దేశంలో ఆడాలో చెప్పే రీజియన్ నంబరు. అమెరికా డిస్కుల రీజియన్ 1, మనది 5. కంప్యూటర్ డ్రైవులో రీజియన్ 5 సార్లే మార్చుకోవచ్చు, ఐదోసారి పెట్టిందే ఖాయం. వీసీడీలకైతే ఈ తాళాల గొడవే లేదు. హైదరాబాద్ వీడియో షాపుల్లో సినిమాకు రెండు మూడు చొప్పున అద్దెకిచ్చిన వీసీడీలను ఏ కంప్యూటరైనా ఉన్నదున్నట్టు కాపీ చేసేది.

సీలు తీయని ఫ్లెక్స్‌ప్లే ప్యాకెట్లు పాత సామాన్ల సైట్లలో కనిపిస్తే సినిమా కోసం కొనకండి. కవరులో ఉన్నా వాటి ఆయుష్షు సుమారు ఏడాదే. జ్ఞాపకంగా దాచుకోవడానికైతే సరే, అప్పుడు కూడా ఆడుతుందో లేదో చూద్దామని కవరు చింపొద్దు.