గిర్నీ దగ్గర అడగాలా, గ్రూపులో అడగాలా?

చపాటా మిర్చి అంత ఎర్రగా ఉంటుంది కదా, మరి కారం ఎందుకుండదు? ఇలాంటి చిన్న సందేహం వస్తే తీర్చుకోవడానికి వరంగల్‌లో ఇప్పుడు దారులు చాలానే ఉన్నాయి. వేలమంది ఉండే ఊరి ఫేస్‌బుక్ గ్రూపు ఒకటి. వంటలనో, పురుగులనో ఒకే పిచ్చి ఉన్నవాళ్ల చిన్న గ్రూపు ఇంకొకటి. అడిగిందే తడవు రాసిచ్చే ఏఐ ఉంది. ఇవేవీ వద్దనుకుంటే కారం పట్టించేటప్పుడు గిర్నీ ఆయన్నే అడగొచ్చు. నా ఓటు ఊరి గ్రూపుకు మాత్రం కాదు, ఒక్క విషయంలో తప్ప.

మిర్చి ప్రశ్న ఆ గ్రూపులో పెట్టి చూడండి. మొదటి కామెంటు "కిలో ఎంతన్నా?" అనే ఉంటుంది. ఒకరు పచ్చడికి సూపర్ అంటారు, ఇంకొకరు "గూగుల్ చేస్కోరాదు" అని విసుక్కుంటారు. కాసేపటికి గిట్టుబాటు ధర మీదికి పోయి పార్టీల కొట్లాట మొదలవుతుంది. అసలు అడిగిందేమిటో ఎవరికీ గుర్తుండదు.

గిర్నీ ఆయన అట్లా కాదు. "ఇది రంగుకే బిడ్డా, కారం కావాల్నంటే తేజ రకం మిర్చి కలుపు" అని ఒక్క ముక్కలో తేల్చేస్తాడు. ఏ పాళ్లలో కలపాలంటే, పచ్చళ్లకా కూరలకా, ఇంట్లో చిన్నపిల్లలున్నారా అని ఎదురు ప్రశ్నలు వేసి మరీ చెప్తాడు. పైగా మళ్లీ ఏడాదీ మనం ఆయన దగ్గరికే పోవాలి కాబట్టి నోటికొచ్చింది చెప్పి పంపడు. ముఖం తెలియని మనిషికి ఆ బాధ్యత ఎక్కడిది? తేజకూ వండర్ హాట్‌కూ తేడా ఏమిటి, ఏనుమాముల మార్కెట్‌కు ఈసారి సరుకు ఎట్లా వస్తోంది, తొడిమ తీసిన మిర్చి ఎంతసేపు ఎండాలి లాంటివి ఇలాంటి వాళ్లనే అడగాలి.

కానీ "ఎందుకు" అని అడిగితే ఆయన దగ్గర బండి ఆగిపోతుంది. "దాని గుణమే అంత" అంటాడు. ఇంకా తరిచి అడిగితే, గింజలు తక్కువ కాబట్టి కారం తక్కువంటాడు. వినడానికి బాగానే ఉంటుంది గానీ కారం పుట్టేది గింజలో కాదు. కాయ లోపల గింజలు అంటుకుని ఉండే తెల్లటి భాగం ఉంటుందే, కారాన్నిచ్చే క్యాప్సైసిన్ తయారయ్యేది అక్కడ. గింజకు అంటేది దాని పక్కన ఉన్నందుకే. ఎరుపునిచ్చేది క్యాప్సాంథిన్ అనే వేరే పదార్థం. ఒకటి ఎక్కువుంటే రెండోదీ ఎక్కువుండాలని లేదు. అందుకే టమాటాలా బొద్దుగా ఉండే చపాటాలో రంగు దండిగా ఉండి కారం తక్కువ. 2025లో దీనికి జీఐ (భౌగోళిక సూచిక) గుర్తింపు వచ్చింది కూడా. ఇలాంటి వివరం దొరికేది వంటల పిచ్చి, సైన్సు పిచ్చి కలిసిన చిన్న గ్రూపులో. ఎక్కడో కూర్చున్న ముక్కూముఖం తెలియని మనిషి, కాయను నిలువునా కోసి, ఫోటో తీసి, తెల్లటి భాగానికి గుర్తు పెట్టి మరీ పంపుతాడు. వాళ్లకు అదో సరదా.

పురుగుల గ్రూపులూ అంతే. తొలి వానలకు నేల మీద ఎర్రటి మఖమల్ ముక్కల్లా పాకే ఆరుద్ర పురుగుల ఫోటో పెడితే, కాళ్లు లెక్కపెట్టమంటారు. ఎనిమిది. అంటే సాలీడుకు చుట్టమన్నమాట! పెద్దవాళ్లు ఆరుద్ర కార్తెలో వస్తాయని చెప్తారు. మిగతా కాలమంతా మట్టిలోనే ఉంటాయని గ్రూపువాళ్లు చెప్తారు. రెండూ నిజమే. ఇక్కడ అడిగేటప్పుడు ఫోటో దగ్గరగా తీసి, ఎక్కడ, ఏ నెలలో కనిపించిందో రాస్తే సగం పని అయినట్టే. పాము విషయంలో మాత్రం ఈ సరదా వద్దు. కట్లపాముకు అచ్చం అలాగే కనిపించే విషం లేని పాములున్నాయి. పేరు తెలుసుకోవాలని ఫోటో కోసం దగ్గరికి పోవడం తెలివి కాదు.

ఏఐ క్యాప్సైసిన్ సంగతి తడుముకోకుండా చెప్తుంది. మన ఇళ్ల అలవాట్లు అడిగితేనే చిక్కు. ఒకే జవాబు రాసిచ్చి, తెలుగువాళ్లందరిదీ అదే పద్ధతన్నట్టు మాట్లాడుతుంది.

ఊరి గ్రూపు గెలిచేది సరిగ్గా ఇక్కడే. బతుకమ్మలో ఆరో రోజు అలిగిన బతుకమ్మ అని ఆట ఎందుకు ఆడరని ఇంట్లో అమ్మమ్మను అడిగితే ఒక కథ వస్తుంది. అదే గ్రూపులో పెడితే జనగామ నుంచి ఒకటి, పరకాల నుంచి ఒకటి, కరీంనగర్ అత్తగారింటి నుంచి ఇంకొకటి వస్తాయి. కొన్ని ఊళ్లలో సద్దుల బతుకమ్మ తొమ్మిదో రోజు కాకుండా ఏడో రోజే చేస్తారని తెలిసేదీ అలాగే. ఒక్కరు చెప్పింది విని ఊరుకునే ప్రశ్న కాదిది, ఎంతమంది చెప్తే అంత మంచిది. కాకపోతే జవాబు రాసేవాళ్లను ఊరి పేరు కూడా పెట్టమనండి. లేకపోతే వేములవాడ పద్ధతేదో, హన్మకొండ పద్ధతేదో తేలదు.